యోగా టీచరుగా బతకాలనుకుంటే ముందు తెల్లవారుజామును లెక్కపెట్టుకోండి

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే నా జవాబు దాని వివరాల మీదే ఆధారపడి ఉంటుంది. మీరు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నారు. ప్రైవేటు బ్యాంకులో తొమ్మిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నారు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు అయిదేళ్లు. మీ వారు రైల్వేలో గూడ్సు బండి గార్డు కనుక డ్యూటీకి ఎప్పుడు పిలుపు వస్తుందో ముందుగా తెలియదు. రెండేళ్లుగా యోగా నేర్చుకొని, యోగా నేర్పేవారికి పెట్టే ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష కూడా పాసయ్యారు. ఇప్పుడు ఉద్యోగం మాని పూర్తిగా యోగా టీచరుగా మారితే ఇల్లు గడుస్తుందా, పిల్లలకు ఇప్పటికంటే ఎక్కువ సమయం ఇవ్వగలనా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

మొదటిదానికి నా జవాబు, గడుస్తుంది, కాని మూడో ఏడు దాకా ఇరుకుగానే గడుస్తుంది అని. రెండోదానికి మాత్రం మీరు అనుకుంటున్న విధంగా కుదరదనే చెప్పాలి. ఈ మాట చెప్పడానికి నాకు ఎవరి అనుభవమూ అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. గుంటూరు బ్రాడీపేటలో 14 ఏళ్లుగా యోగా నేర్పుతున్నాను. మొన్నటి విశ్వావసు ఉగాది నుంచి ఈ పరాభవ ఉగాది దాకా గడిచిన ఒక్క ఏడాది, అంతకు ముందు 13 ఏళ్లలో నాకు అర్థం కానిదాన్ని అర్థమయ్యేలా చేసింది. అందుకే ఈ ఏడాది సంగతే మీకు వివరంగా రాస్తున్నాను.

నా దినచర్య నిరుటి వరకు ఇలా ఉండేది. ఉదయం 5 నుంచి 6 దాకా ఒక బ్యాచ్, 6:15 నుంచి 7:15 దాకా ఇంకొకటి, పదిన్నరకు గృహిణులూ పెద్దవారూ వచ్చే బ్యాచ్, సాయంత్రం అయిదున్నరకు ఒకటి, ఆరూ ముప్పావుకు మరొకటి. మొత్తం కలిపితే రోజుకు అయిదు గంటల పని. బ్యాంకులో పది గంటలు కూర్చునే మీకు ఇది విశ్రాంతిలాగా కనిపించడం సహజమే, మా బంధువులందరికీ ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది. కాని ఆ అయిదు గంటలూ ఎక్కడ ఉన్నాయో చూడండి. యోగా నేర్చుకోవడానికి వచ్చేవారు తమ ఉద్యోగానికీ తమ ఇంటికీ ఇబ్బంది లేని సమయంలోనే వస్తారు, అంటే తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. పిల్లలు నిద్ర లేచేది, స్నానాలు చేసేది, టిఫిను తినేది, బడికి బయలుదేరేది, తిరిగి వచ్చి ఆ రోజు జరిగింది చెప్పేది, పుస్తకం ముందు కూర్చునేది కూడా సరిగ్గా ఆ వేళల్లోనే. మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు వరకు నేను ఇంట్లో తీరుబడిగా ఉంటాను, ఆ సమయంలో పిల్లా మా వారూ ఇంట్లో ఉండరు. ఈ వృత్తిలో ఒళ్లు అలిసిపోతుందని అందరూ హెచ్చరిస్తారు. ఉదయాలూ సాయంత్రాలూ అమ్ముడుపోతాయని నాకు ఎవరూ చెప్పలేదు.

దీన్ని మా అమ్మాయి జడ ద్వారా చెబితే మీకు తేలికగా బోధపడుతుంది. నిరుడు తను పదో తరగతి. వాళ్ల బడిలో ఆడపిల్లలు రెండు జడలు వేసుకొని, మడిచి రిబ్బన్లు కట్టుకోవాలి. బస్సు 7:10కి వస్తుంది, నేను ఇల్లు చేరేది 7:30కి. అందువల్ల ఆరో తరగతి నుంచీ ఆ జడలు వేసేది మా వారే. ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. కుర్రతనంలో దబ్బనం పట్టుకొని టిక్కీల, అంటే మిర్చి బస్తాల, మూతులు కుట్టిన చేయి కనుక జడ బిగువుగా, తాడు పేనినట్టుగా వస్తుంది, సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదలదు. ఇబ్బందల్లా జనవరి నుంచి ఏప్రిల్ దాకా, సరుకు దిగే సీజనులో. తేజ రకం మిరపకాయలు రోజంతా చేతులతో విరిచి, గింజ చూసి, పనికిరాని తాలు కాయలు ఏరి చూపించే మనిషి వేళ్లలోకి ఆ ఘాటు ఇంకిపోతుంది. అది ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా పోదు, ముందు నూనె రాసి, ఆ తరవాత సబ్బుతో తోమితే కొంత వదులుతుంది. తెల్లవారుజామున అయిదున్నరకు కూతురిని నిద్రమత్తులోనే కుర్చీలో కూర్చోబెట్టి, చేతులకు కొబ్బరినూనె పట్టించుకొని, ఆ తరవాతే దువ్వెన ముట్టుకునేవారు. అయినా పాపిట తీసేటప్పుడు నుదుటి మీద వేలు తగిలితే పిల్లకు కళ్లు మండేవి. నాలుగేళ్లు ఇది మా ఇంట్లో జరిగింది. నేను ఒక్క రోజు కూడా చూడలేదు, ఎందుకంటే ఆ సమయానికి నేను డాబా మీద అందరినీ వరుసగా నిలబెట్టి పాదహస్తాసనం వేయిస్తున్నాను.

ఆగస్టులో, శ్రావణమాసంలో ఒక శుక్రవారం మా అత్తగారు పెరట్లో పడిపోయారు. ఆమెకు 74 ఏళ్లు. చీకటితో లేచి గడప కడగడం ఆమె అలవాటు. ఆ రోజు స్నానాల గది మెట్టు దగ్గర సబ్బు నీళ్ల మీద కాలు జారింది. మా వారు కోల్డ్ స్టోరేజీలో సరుకు తీయించడానికి అయిదింటికే వెళ్లిపోయారు. అమ్మాయి లోపల నిద్రపోతోంది. ఆమె పడింది 5:40 ప్రాంతంలో, అమ్మాయికి మూలుగు వినిపించింది 6:05కి. నేను క్లాసులో ఫోను మూగగా పెట్టి సంచిలో వేసుకుంటాను, మొదటి బ్యాచ్‌కూ రెండో బ్యాచ్‌కూ మధ్య ఉన్న పావుగంటలో చాపలు సర్దడం, ఫీజులు రాసుకోవడం తప్ప ఫోను చూసే అలవాటు లేదు. రెండో బ్యాచ్ శవాసనంలో ఉన్నప్పుడు కింది అంతస్తులో ఉండే ఆవిడ మెట్లెక్కి పరుగున వచ్చి చెబితే తెలిసింది. సంచిలోంచి ఫోను తీస్తే మా అమ్మాయి నుంచి 11 మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

తుంటి దగ్గర తొడ ఎముక పైభాగం విరిగింది. మూడో రోజున ఆపరేషను చేసి కీలులో బంతి భాగాన్ని మార్చారు. అప్పుడు నన్ను బాధించిన విషయం ఒకటుంది, అది చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. పదిన్నర బ్యాచ్‌లో అరవై దాటిన వారు తొమ్మిది మంది ఉన్నారు. వారికి ప్రతిరోజూ కిటికీ చువ్వ పట్టుకొని ఒంటికాలి మీద నిలబడడం, మడమలు ఎత్తి దించడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం నేర్పుతాను. ముసలితనంలో పడిపోకుండా ఉండడానికి కాళ్లలో బలం, నిలకడ ఎంత ముఖ్యమో వారికి గంటలకొద్దీ చెబుతాను. ఇంట్లో ఉన్న మనిషికి మాత్రం ఒక్కనాడు నేర్పలేదు. అడిగితే "నాకెందుకమ్మా ఆ గెంతులు" అనేవారు, అదే సాకుగా నేను ఊరుకున్నాను.

ఆపరేషను అయిన మర్నాడే ఫిజియోథెరపిస్టు వాకరు పట్టించి నిలబెట్టారు. ఇంటికి వచ్చాక ఆ వ్యాయామాలు చేయించే బాధ్యత నాది. అప్పుడు తెలిసింది, 13 ఏళ్లుగా నేను నేర్పుతున్నది ఈమెకు దాదాపు ఏదీ పనికిరాదని. కీలు మార్చిన వారు కొంతకాలం నడుమును తొడకు దగ్గరగా వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, కింద కూర్చోకూడదు, ఎత్తు తక్కువ పీట మీద కూర్చోకూడదు. అంటే బాసింపట్టు లేదు, వజ్రాసనం లేదు, ముందుకు వంగే ఏ ఆసనమూ లేదు. మిగిలింది పడుకొని పాదాలు ముందుకూ వెనక్కూ ఆడించడం, తొడ కండరాన్ని బిగించి వదలడం, వంటగట్టు పట్టుకొని తాడాసనంలో నిలబడడం. ఆ నిలబడడం చూడవలసింది. రెండు అరచేతులు గట్టు మీద, కొంగు నడుముకు దోపి, విరిగిన వైపు కాలి మీద బరువు వేయడానికి ధైర్యం చాలక ఎడమ భుజం పైకి లేపేవారు. "అత్తయ్యా, భుజం దించండి, మడమ నేలకు ఆనించండి" అంటే మడమ ఆనేది, వెంటనే పెదవి బిగిసేది. అలా నిలబడినంతసేపు ఊపిరులు లెక్కపెట్టేదాన్ని. మొదటి వారం మూడు దాటలేదు, దసరా నాటికి పన్నెండు వచ్చాయి. ఆమె అసలు దుఃఖం వేరు, జీవితమంతా కత్తిపీట మీద కూర్చొని కూరలు తరిగిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి చాకు చేతికిచ్చాం. చాకుతో కోసిన వంకాయ సరిగ్గా మగ్గదని ఇప్పటికీ ఆమె వాదన. గోంగూర ఆకు గిల్లడం కుర్చీలోనూ కుదురుతుంది కనుక మా ఇంట్లో ఆ మూడు నెలలు వారానికి మూడు రోజులు గోంగూరే.

ఆమె పడినప్పటి నుంచి ఉదయం రెండో బ్యాచ్ ఆపేశాను. అందులో 22 మంది ఉండేవారు, తిరిగి ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేకపోయాను కనుక సగం మంది వేరేచోట చేరిపోయారు, వారిని తప్పుపట్టను. అక్కడి నుంచి డబ్బు సంగతికి వస్తాను, ఎందుకంటే మీ మొదటి ప్రశ్న అదే.

గుంపు బ్యాచ్‌కు నేను తీసుకునేది నెలకు 1,200 రూపాయలు. అయిదు బ్యాచ్‌లూ నిండుగా నడిచిన నెలలో 60 మంది దాకా ఉండేవారు, లెక్క ప్రకారం 72,000 రావాలి. చేతికి వచ్చేది ఎప్పుడూ దానికి తక్కువే, పదిహేను రోజులే వచ్చానని సగం ఇచ్చేవారు, ఊరికి వెళ్లామని ఎగ్గొట్టేవారు, చుట్టరికం చెప్పి అసలు ఇవ్వనివారు ఉంటారు. డాబా మీది షెడ్డుకూ కింద హాలుకూ కలిపి అద్దె 11,000, కరెంటు, ఊడ్చే ఆమె జీతం, చిరిగిన చాపల స్థానంలో కొత్తవి అన్నీ పోను, మంచి నెలలో 45,000 మిగిలేది. మే నెలలో 12,000 మిగిలిన సందర్భం కూడా ఉంది. రెండో బ్యాచ్ పోయాక సగటున 30,000కు పడిపోయింది. మా వారి జీతం ఉంది కనుక నిలబడ్డాం. మీ విషయంలో పి.ఎఫ్., ఆరోగ్య బీమా, జీతంతో వచ్చే సెలవు, ఈ మూడూ బ్యాంకుతోనే పోతాయి. ఇక్కడ మీకు జ్వరం వస్తే ఆ రోజు ఆదాయం లేదు. అత్తగారికి ఆపరేషను అయినప్పుడు నాకు సెలవు ఇచ్చేవారు లేరు, జీతం కోసేవారూ లేరు, విద్యార్థులు వెళ్లిపోవడమే కోత.

ఏడాదిలో ఏ నెల ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉంటే కంగారు తగ్గుతుంది. ఐక్యరాజ్య సమితి 2014 డిసెంబరు 11న జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించిన నాటి నుంచి మనకు జూన్ నెల పండగ నెల అయింది. నిరుడు, అంటే 2025లో, మన రాష్ట్రంలో మే 21 నుంచే నెల రోజులు యోగాంధ్ర కార్యక్రమం నడిచింది, జూన్ 21న ప్రధానమంత్రి విశాఖపట్నం తీరానికి వచ్చారు. ఆ నెలంతా నేను వార్డుల్లో, కాలనీ పార్కుల్లో యోగా దినోత్సవం నాడు అందరూ ఒకే వరుసలో చేసే 45 నిమిషాల ఉమ్మడి యోగా ప్రోటోకాల్ చేయిస్తూ తిరిగాను. దాని ఊపులో జూన్ చివర 27 మంది కొత్తగా చేరారు. వినాయక చవితి నాటికి వారిలో తొమ్మిది మంది మిగిలారు. ఈ నిష్పత్తి ప్రతి ఏడాదీ దాదాపు ఇంతే, దాన్ని మీ బోధన లోపంగా తీసుకోకండి. కార్తికమాసంలో తెల్లవారుజాము స్నానాలూ దీపాలూ ఉంటాయి కనుక ఆడవారు తగ్గుతారు. నిరుడు దానికి తోడు అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటిన వారమంతా క్లాసులు నడవలేదు. ధనుర్మాసంలో తిరుప్పావైకి గుడికి వెళ్లేవారితో ఉదయం వరుసలు ఇంకా పలచబడతాయి. సంక్రాంతి దాటాక మళ్లీ నిండుతుంది. రోహిణి కార్తెలో గుంటూరు ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు, విజయవాడ అంతకు తీసిపోదు. సాయంత్రం ఆరైనా డాబా గచ్చు పాదం పెట్టనివ్వదు, నాలుగింటి నుంచీ బిందెలతో నీళ్లు చల్లించాలి. ఆ రోజుల్లో ఒళ్లు వేడెక్కించే కపాలభాతి తగ్గించి, చల్లబరిచే శీతలి, నాడీశోధన ప్రాణాయామాలతో, నిదానమైన ఆసనాలతో సరిపెడతాను.

బడులతో ఒప్పందాలు కుదుర్చుకోవచ్చని మీరు రాశారు. కుదుర్చుకోండి, కాని నెల ముగిసిన అయిదు రోజుల్లో డబ్బు ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. నిరుడు ఒక ప్రైవేటు బడి, పేరు అనవసరం, జూన్‌లో ఫొటోలకు నన్ను ముందు వరుసలో నిలబెట్టి, నాలుగు నెలలు పిల్లలకు నేర్పించుకొని, రెండు నెలల డబ్బే ఇచ్చింది. ఇంతకంటే దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఇక బాధ్యత సంగతి. ఇది మీ ప్రశ్నలో లేదు, కాని ఉండవలసింది. చేరేటప్పుడు ప్రతివారి చేతా ఒక కాగితం నింపిస్తాను: రక్తపోటు, చక్కెర, గుండె, నడుము, మెడ, హెర్నియా, కళ్లు, ఆపరేషన్లు, ఆడవారికైతే గర్భం. ఇంత జాగ్రత్త చాలనుకున్నాను. నవంబరులో 58 ఏళ్ల ఒక పెద్దమనిషి, జూన్‌లో ఏ ఇబ్బందీ లేదని రాసి ఇచ్చినవారే, పది రోజులు రాలేదు. తిరిగి వచ్చిన రోజు సంతోషంగా పలకరించాను, ఎందుకు రాలేదని అడగలేదు. పాదహస్తాసనంలో అందరూ తల కిందికి వేలాడదీసి ఉన్నప్పుడు వరుసల మధ్య నడుస్తూ ఆయన కన్ను చూశాను, ఎర్రగా చింతనిప్పులా ఉంది. శుక్లాల ఆపరేషను అయి అప్పటికి వారమే అయింది. కంటి ఆపరేషను తరవాత డాక్టరు అనుమతించే వరకు తల కిందికి వంచకూడదన్నది నాకు కంఠస్థంగా తెలిసిన విషయం. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వెంటనే లేపి, కూర్చోబెట్టి, అదే ఉదయం కంటి డాక్టరు దగ్గరికి పంపాను; దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి ఎవరైనా అయిదు రోజులకు మించి మానేసి వస్తే చాప పరవకముందే కారణం అడుగుతున్నాను, మూడు నెలలకొకసారి కాగితం మళ్లీ నింపిస్తున్నాను. నేను ఆ రోజు ఎందుకు అడగలేదో కూడా చెప్పాలి. అత్తగారికి మందు వేసి, అమ్మాయికి డబ్బా కట్టి, పరుగున వచ్చి క్లాసు మొదలుపెట్టాను. మనసు ఇంట్లో ఉంది. ఇంటికీ పనికీ మధ్య గోడ ఉంటుందని అనుకోవడం ఈ వృత్తిలో ప్రమాదం.

శరీరం గురించి కూడా కొంత. నేర్పడం వేరు, సాధన చేయడం వేరు. క్లాసులో మనం ఆసనం చూపించేటప్పుడు కండరాలు వేడెక్కి ఉండవు, నోటితో మాట్లాడుతూ ఉంటాం, కళ్లు నాలుగో వరుసలో మోకాలు వంచిన మనిషి మీద ఉంటాయి, ఊపిరి మీద ధ్యాస ఉండదు. పైగా అందరికీ ఎదురుగా నిలబడతాం కనుక వారు కుడి చేయి ఎత్తాలంటే మనం ఎడమ ఎత్తాలి, చూపించేది ఎప్పుడూ ఒక వైపే, రెండో వైపు వచ్చేసరికి సరిదిద్దడానికి కిందికి దిగుతాం. 14 ఏళ్ల ఈ తంతు వల్ల నాకు రెండు ఫలితాలు కలిగాయి. ఒకటి, ఆటోవాడికి కుడి అని చెప్పి ఎడమకు చేయి చూపిస్తాను. రెండోది నవ్వులాట కాదు. పిరుదు కింద, కూర్చుంటే నేలకు ఆనే ఎముక దగ్గర ఒకవైపు నొప్పి పట్టుకుంది. తొడ వెనక కండరం ఎముకకు అతుక్కునే చోట పట్టీలాంటి స్నాయువు పదేపదే లాగడం వల్ల దెబ్బతిన్నదని డాక్టరు చెప్పారు. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, నొప్పి పుట్టినచోట ఇంకా సాగదీస్తే వదులుతుందని రెండు నెలలు పట్టుబట్టి వంగాను. అది సాగదీతతో తగ్గే నొప్పి కాదు. వంగడం పూర్తిగా మాని, సేతుబంధాసనంలో, అంటే వెల్లకిలా పడుకొని నడుము పైకెత్తి, నిదానంగా నిలపడం దగ్గర మొదలుపెట్టి, కండరానికి కొద్దికొద్దిగా బరువు అలవాటు చేస్తే అయిదు నెలలకు లొంగింది. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని పతంజలి చెప్పిన ముక్కను ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి రోజు చెబుతాను, నా ఆసనంలో మాత్రం ఆ రెండూ లేక ఎన్నాళ్లయిందో లెక్క చూసుకోలేదు. ఫ్యాన్ల హోరు మీద అరిచి గొంతు కూడా బొంగురుపోయింది, ఇప్పుడు తక్కువ మాటలతో, చప్పట్ల లెక్కతో నడిపిస్తున్నాను.

అందుకే మీరు ఈ దారిలోకి వస్తే మీ సొంత సాధనకు రోజుకు 40 నిమిషాలు క్లాసు కాని సమయంలో కేటాయించుకోండి, దాన్ని ఎవరికీ అమ్మకండి. నాది ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి, అత్తగారు కునుకు తీసే వేళ.

ధ్రువపత్రం గురించి మీకు ఎక్కువ చింత అక్కరలేదు. ఆయుష్ మంత్రిత్వ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు ఇచ్చే ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ ధ్రువపత్రం మీ దగ్గర ఉంది. ఏడాది నేర్పాక దాని పై మెట్టయిన వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు వెళ్లండి, బడులూ కార్యాలయాలూ దాన్ని అడుగుతాయి. మీ దగ్గరికి వచ్చే గృహిణి మాత్రం ఆ కాగితం చూడదు, తన మోకాలి నొప్పి మీకు గుర్తుందా లేదా అన్నదే చూస్తుంది.

ఆగస్టు తరవాత నేను చేసిన మార్పులు ఇవి. ఉదయం మొదటి బ్యాచ్‌ను నా దగ్గర ఆరేళ్లు నేర్చుకున్న ఒక అమ్మాయికి అప్పగించాను, ఆ ఫీజులో మూడింట రెండు వంతులు ఆమెకే. రెండో బ్యాచ్ మళ్లీ తెరవలేదు. ఉదయం నేను నడిపేది ఇప్పుడు పదిన్నరదే, సాయంత్రం రెండూ కలిపి అయిదున్నరకు ఒకటే చేశాను. ఆదాయం తగ్గిన మాట నిజం. సెప్టెంబరులో మొదటిసారి ఉదయం ఆరింటికి ఇంట్లో ఉండి, దువ్వెన పట్టుకొని అమ్మాయి వెనక కూర్చున్నాను. రెండు పాయలు తిప్పేసరికే తల వెనక్కి తిప్పి, "నాన్న వేసినట్టు వెయ్యమ్మా, నీది బస్సెక్కేసరికి ఊడిపోతుంది" అంది. ఆ బిగువు నా చేతికి రావడానికి సంక్రాంతి దాటింది. మార్చిలో పరీక్షలు ముగిశాయి, ఇంక రిబ్బన్ల అవసరమే లేదు.

ఇప్పుడు మీ ఇంటికి వస్తాను. మీ వారికి ఏ రాత్రి ఏ బండికి పిలుపు వస్తుందో తెలియదు కనుక, తెల్లవారుజాము బ్యాచ్ మీద మీ సంపాదన నిలబెట్టకండి. ఆయన కాజీపేటలో, బండి సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో ఉన్న రోజున, మీరు నాలుగున్నరకు తాళం వేసి వెళితే లోపల ఉండేది అయిదేళ్ల పాప. మీ అమ్మగారో అత్తగారో దగ్గర ఉంటారని రాయలేదు. ఉన్నా, వారి వయసు అడిగి, మా పెరటి మెట్టు గుర్తు చేసుకోండి. పాపకు ఎనిమిదేళ్లు వచ్చే దాకా పదిన్నర గృహిణుల బ్యాచ్, మధ్యాహ్నం ఇళ్లకు వెళ్లి పెద్దవారికి విడిగా నేర్పడం, ఈ రెండిటితో ఎంత వస్తుందో చూడండి. సత్యనారాయణపురంలో విశ్రాంత రైల్వే ఉద్యోగుల ఇళ్లు ఎక్కువ, మోకాళ్లూ నడుములూ పట్టేసిన పెద్దవారికి లోటు ఉండదు. ఇంటికి వచ్చి ఒక్కరికే నేర్పితే నెలకు 4,000 ఇచ్చేవారు గుంటూరులోనే ఉన్నారు. అలాంటి వారు నలుగురు, పదిన్నరకు పదిహేను మంది కుదిరితే అద్దె పోను 28,000 దాకా నిలుస్తుంది, అదీ పిల్లలు బడిలో ఉన్న వేళలోనే. బ్యాంకు జీతంతో పోల్చి మీరే నిర్ణయించుకోండి.

రాజీనామా రాసేముందు ఒక నెల సెలవు పెట్టండి, పెట్టలేకపోతే శనాదివారాలతో సరిపెట్టుకోండి. ఆ రోజుల్లో క్లాసు ఉన్నా లేకపోయినా ఉదయం నాలుగున్నరకు ఇల్లు వదిలి, ఏడున్నరకు రండి. సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది దాకా బయటే ఉండండి. మీరు లేని వేళ పాలు ఎవరు తీసుకున్నారు, పాపకు ఎవరు నీళ్లు పోశారు, బాబు హోంవర్కు ఎవరు చూశారు, మీ వారు డ్యూటీలో ఉన్న రోజున ఇవన్నీ ఎవరి మీద పడ్డాయి అన్నది ఒక నోటు పుస్తకంలో తారీఖుల వారీగా రాయించండి, మీరు కాదు, ఇంట్లో ఉన్నవారి చేత. ఆ పుస్తకం ఎలా వచ్చిందో నాకు రాస్తే, మీకు ఏ బ్యాచ్ ఏ వేళకు పెట్టుకుంటే నెగ్గుతుందో అప్పుడు ఇంతకంటే సూటిగా చెప్పగలను.